ఒక్క బిడ్డే వస్తే తట్టు టీకా సీసా తెరవకూడదా? ఇటుక బట్టీల పిల్లల గురించి అడుగుతున్నాను

బట్టీల దారి దుకాణం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గోదావరికి దగ్గరలో, చుట్టూ ఇటుక బట్టీలున్న ఊరు. బట్టీలకు వెళ్లే మట్టిదారి మొదట్లో మాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. ఏటా కార్తికం వెళ్లాక ఒడిశా నుంచి, ఎక్కువగా బలంగీర్, నువాపడా వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలే వచ్చి దిగుతాయి. వానలు పడేలోపు తిరిగి వెళ్లిపోతాయి. ఆ ఆరేడు నెలలూ వాళ్లకు బియ్యం, నూనె, ఉల్లిపాయలు, పిల్లల బిస్కెట్లు మా దగ్గరే. ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను కాబట్టి ఒడియా నాలుగు మాటలు వచ్చు. వాళ్లకు తెలుగు నాలుగు మాటలు వచ్చు. మిగతాది చేతులతో చెప్పుకుంటాం.

వాళ్లలో ఒకామెకు పదకొండు నెలల పాప ఉంది. టీకాల కార్డు ఉందా అని అడిగితే రేకు పెట్టె అడుగు నుంచి తీసి తెచ్చింది. అచ్చంతా ఒడియానే, కానీ తేదీలు మామూలు అంకెల్లో రాశారు. పుట్టగానే వేసేవి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసేవి అన్నీ పడ్డాయి. తొమ్మిది నెలలు నిండాక వేసే గడి మాత్రం ఖాళీ. పాపకు తొమ్మిది నెలలు నిండేనాటికి వీళ్లు ఇక్కడ మట్టి పిసుకుతున్నారు.

దుకాణం మా అత్తయ్యకు అప్పగించి నేనే వాళ్లను టీకాలు వేసే చోటికి తీసుకువెళ్లాను. మూడు కిలోమీటర్లు నడక. ఆ బుధవారం ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చారు, వాళ్లవి వేరే టీకాలు. "ఈ ఒక్క పాప కోసం సీసా తెరిస్తే మిగతా మందంతా పారబోయాలి. నలుగురైదుగురు జమ అయ్యాక చెబుతాను, అప్పుడు తీసుకురండి" అన్నారు నర్సమ్మ. కోపంగా ఏమీ అనలేదు, మామూలుగానే చెప్పారు. శనివారం మళ్లీ వెళ్లాం. ఆమె సమావేశానికి వెళ్లారని తాళం వేసి ఉంది.

తర్వాతి బుధవారం ఆ తల్లే రానంది. వాళ్లకు కూలి వెయ్యి ఇటుకల లెక్కన. ఆమె మట్టి ముద్దలు చేసి అందించకపోతే భర్త అచ్చు పోయలేడు. ఒకరు ఒక పూట మానితే ఇద్దరి పనీ ఆగిపోతుంది. వచ్చేటప్పుడే ఊళ్లో బయానా తీసుకుని వచ్చారు, అది తీరాలి. "రెండు పూటలు పోయాయి" అని రెండు వేళ్లు చూపించింది. ఆ వేళ్ల సందులు తడి మట్టికి ఒరిసి పచ్చిగా ఉన్నాయి. ఇంకోసారి రమ్మనడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు నాకు భయంగా ఉంది. అవతలి వరుస గుడిసెల్లో నాలుగేళ్ల బాబుకు నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. కళ్లు ఎర్రబడి నీరు కారుతున్నాయి. నిన్న చెవుల వెనక మొదలై ముఖమంతా ఎర్రగా దద్దు తేలింది. వాళ్లు దాన్ని "మిలిమిలా" అంటున్నారు. గుడిసె గుమ్మానికి వేపకొమ్మ కట్టారు. మా అత్తయ్య చూసి "ఇది తట్టే, ఆటలమ్మ కాదు, ఆటలమ్మకు నీటి పొక్కులు వస్తాయి" అంది.

నిజంగా ఒక్క పాప కోసం సీసా తెరవకూడదని నియమం ఉందా? వేరే రాష్ట్రం కార్డు చెల్లుతుందా? కార్డు అసలు లేని పిల్లలు కూడా ఆరేడుగురు ఉన్నారు, వాళ్ల సంగతేమిటి? ఆ బాబుకు ఏం చేయాలి? తెలిసినవాళ్లు దయచేసి త్వరగా చెప్పండి.

విశ్రాంత ఏఎన్ఎం జవాబు

అమ్మా, ముందు ఆ బాబు సంగతి చూడండి, మిగతాది తర్వాత చదవండి.

ఈ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లమని చెప్పండి. మీరు రాసిన వరసను బట్టి, అంటే మూడు నాలుగు రోజుల జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్లు, ఆపైన చెవుల వెనక నుంచి కిందికి దిగే దద్దు, ఇది తట్టులాగే ఉంది. నిర్ధారణ మాత్రం వైద్యులు చేయాలి. తట్టు వచ్చిన బిడ్డకు వయసును బట్టి విటమిన్ ఏ మందు వరుసగా రెండు రోజులు వేస్తారు. కళ్లు పోకుండా కాపాడేది, ప్రాణాపాయం తగ్గించేది అదే. బిడ్డ ఎగశ్వాస తీస్తున్నా, పాలు గానీ నీళ్లు గానీ పట్టకపోయినా, మగతగా పడి ఉన్నా ఒక్క గంట కూడా ఆగవద్దు. తిండి మానిపించకూడదు. పథ్యం పేరుతో గంజినీళ్ల మీద ఉంచితే ఉన్న కాస్త బలం కూడా పోతుంది. దద్దు తగ్గాక కూడా కొన్ని నెలలపాటు వేరే జబ్బులు త్వరగా పట్టుకుంటాయి. తగ్గిపోయిందిలే అని వదిలేయకండి.

గుమ్మానికి కట్టిన వేపకొమ్మ తీసేయమని మాత్రం అనకండి. అది అక్కడ ఉండగానే ఆసుపత్రికి వెళ్లి రావచ్చు. కొమ్మ తీయమన్న మరుక్షణం ఆ ఇంట్లో మన మాట వినడం ఆగిపోతుంది. నాకు ఇది చాలా ఇళ్లలో అనుభవం.

మీ ఊరి ఆశా కార్యకర్తకో, 104కో ఈ కబురు వెంటనే చెప్పండి. జ్వరంతో పాటు దద్దు వచ్చిన ప్రతి బిడ్డ వివరమూ పైకి పంపాలి, రక్తం నమూనా తీయాలి. ఇది మీరు చేసే ఫిర్యాదు కాదు, వాళ్లకు అవసరమైన సమాచారం. తట్టు గాలిలో పాకుతుంది. రోగి దగ్గి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గదిలో క్రిమి ఉంటుంది. దద్దు కనపడడానికి నాలుగు రోజుల ముందే అంటించడం మొదలవుతుంది. టీకా పడని వాళ్ల మధ్య ఒక్కరి నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకోగలదు. బట్టీ గుడిసెలు ఎంత ఇరుకో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక సీసా మాట. నేను ఉద్యోగంలో చేరింది 1987లో. తట్టు టీకా మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి వచ్చి అప్పటికి రెండేళ్లు. 2021లో పదవీ విరమణ చేసేదాకా ఈ సీసాతోనే బతికాను. మేం వయల్ అంటాం. అందులో ఉండేది ఎండు పొడి. పక్కన వేరే సీసాలో వచ్చే ద్రవం కలిపితేనే మందు అవుతుంది. కలిపిన గంట దాని మీదే పెన్నుతో రాస్తాం. నాలుగు గంటలు దాటితే పారేయాల్సిందే, ఎంత మిగిలినా సరే. చెడిపోకుండా ఉంచే రసాయనం అందులో ఉండదు. దాచి మర్నాడు వేస్తే బిడ్డ ప్రాణానికే ముప్పు. పెంటా వంటి కొన్ని టీకాలను తెరిచాక కూడా జాగ్రత్తగా భద్రపరిచి వాడుకోవచ్చు, దీన్ని అలా వాడకూడదు. మీ నర్సమ్మ చెప్పిన దాంట్లో ఇంతవరకు నిజం.

కానీ ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తెరవాలి. నియమం ఇదీ. కొంత మందు పారబోయక తప్పదని ముందే లెక్క వేసి, దాన్ని కలుపుకునే సరఫరా చేస్తారు. అయినా మాలో చాలామంది తెరవరు. ఎందుకో చెబుతాను. నెలవారీ సమావేశంలో ఎన్ని వయల్స్ తెరిచారు, ఎందరికి వేశారు అని అడుగుతారు. తెరిచినవి ఎక్కువగా, వేసినవి తక్కువగా ఉంటే నలుగురిలో నిలబెట్టి ప్రశ్నించే అధికారులు ఉండేవారు. వెనక్కి పంపిన తల్లి గురించి అడిగే గడి మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండేది కాదు.

నేనూ పంపాను. దాచడం ఎందుకు. తొంభైలలో, ఒక మాఘమాసం ఉదయం, వాగు అవతలి గూడెం నుంచి ఒక తల్లి పది నెలల మగబిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఆ రోజుకు ఒక్కడే. "వచ్చే నెల రా తల్లీ" అన్నాను. ఆమె ఎదురు మాట్లాడలేదు, కొంగు సరిచేసుకుని వెళ్లిపోయింది. వచ్చే నెల ఆమె రాలేదు. చైత్రంలో ఆ గూడేనికి తట్టు వచ్చింది. బిడ్డ బతికాడు గానీ ఎడమ కంటికి పువ్వు వేసి చూపు పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ దారిలో వాడు మేకలు తోలుకుంటూ ఎదురయ్యేవాడు. నన్ను చూడాలంటే తల మొత్తం ఎడమ పక్కకు తిప్పాల్సి వచ్చేది. ఆ తర్వాత నేను ఎప్పుడూ వయల్ దాచలేదు. సమావేశంలో అడిగితే "ఒక బిడ్డ వచ్చింది, తెరిచాను" అని చెప్పేదాన్ని.

మీరు అడిగిన మిగతావి చెబుతాను. ఏ రాష్ట్రం బిడ్డకైనా ఎక్కడైనా టీకా ఉచితంగా వేయాలి. కార్డు లేకపోతే కొత్తది రాసి ఇవ్వాలి. ఆధార్ లేదని వెనక్కి పంపకూడదు. ఇప్పుడు యు-విన్ అనే దేశమంతటి ఆన్‌లైన్ టీకాల పుస్తకంలో నమోదు చేస్తున్నారు కాబట్టి ఇక్కడ వేసింది వాళ్ల ఊళ్లోనూ కనపడుతుంది. అయినా కాగితం కార్డు మీద తేదీ రాయించుకోండి. వేశారో లేదో గుర్తులేని పిల్లలకు మళ్లీ వేసినా హాని లేదు. ఐదేళ్లలోపు పిల్లలకు అసలు పడకపోతే ఇప్పుడు ఒకటి, కనీసం నెల తర్వాత ఇంకొకటి వేస్తారు. వేళకు వేసేవారికైతే తొమ్మిది నెలలు నిండాక మొదటిది, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య రెండోది. ఈ రెండో డోసు మన దేశంలో 2010లో మొదలైంది. 2017లో తట్టుతో పాటు రుబెల్లాకు కూడా కలిపి ఎంఆర్ టీకా వచ్చింది. కుడి భుజానికి వేస్తారు. వేశాక అరగంట అక్కడే కూర్చోమనండి. వారం పదిరోజులకు కాస్త జ్వరం, పలచని దద్దు రావచ్చు, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇది ముందే చెప్పకపోతే "టీకా వల్లే తట్టు వచ్చింది" అని బట్టీలన్నీ కోడై కూస్తాయి.

రోగి దగ్గర మెలిగిన పిల్లలకు మూడు రోజుల్లోపు టీకా పడితే జబ్బు రాకుండా ఆగే అవకాశం ఉంది. అందుకే తొందరపెడుతున్నాను.

ఇంకొకటి. పోలియో రోజుల నుంచి ఇటుక బట్టీలు, కట్టడాల దగ్గరి గుడిసెలు, సంచార జాతుల డేరాలు అధిక ముప్పు ఉన్న చోట్ల జాబితాలో ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సూక్ష్మ ప్రణాళికలో మీ బట్టీల పేర్లు ఉండాలి. లేకపోతే చేర్చమని అడగండి. ఆశా చేసే ఇంటింటి సర్వే వీళ్లు ఇక్కడ లేని నెలల్లో అయిపోతే బట్టీల గుడిసెలు అందులోకి రావు, ఎవరూ కావాలని వదిలేయకపోయినా. మీరు చేయాల్సింది ఒక్కటే. ఐదేళ్లలోపు పిల్లలు ఏ బట్టీలో ఎందరు, పుట్టిన నెల ఏది, టీకా గడి ఖాళీయా కాదా, ఒక కాగితం మీద రాసి నేరుగా వైద్యాధికారి చేతికి ఇవ్వండి. "పిల్లలను తెస్తాం" అనకండి. "ఇంతమంది ఉన్నారు, మీరే బట్టీ దగ్గరకు రండి" అనండి.

కర్నూలు మాస్టారు జవాబు

విశ్రాంత నర్సమ్మ గారు చెప్పినదంతా సరే. కానీ తల్లిదండ్రుల భయాన్ని తక్కువగా చూడకండి. 2017 ఆగస్టులో ఎంఆర్ టీకా కార్యక్రమం బడులకు వచ్చింది, తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్లలోపు పిల్లలందరికీ. ముందు వారమే ఫోన్లలో ఒక కబురు తిరిగింది, ఈ సూది వేస్తే పెద్దయ్యాక సంతానం కలగదని. నా తరగతిలో ముప్పై ఎనిమిది మంది. సూది రోజున పదకొండు మంది రాలేదు, పదకొండు మందీ ఒకే వీధి.

సాయంత్రం ఆ వీధికి వెళ్లాను. కరపత్రం చదివి వినిపిస్తే ఎవరూ వినలేదు. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ మాత్రం "తట్టుకా ఈ సూది?" అని అడిగింది. అవునన్నాను. ఆమెకు ఏడుగురు పుట్టారట. ఇద్దరు తట్టుతో పోయారు, ఒకే వారంలో. వాళ్ల పేర్లు చెప్పి, కోడలిని పిలిచి "రేపు పంపు" అంది, అంతే. మర్నాడు ఏడుగురు వచ్చారు. మిగిలిన నలుగురు చివరిదాకా రాలేదు. బట్టీల దగ్గరా అలాంటి పెద్దవాళ్లు ఉంటారు. వాళ్లను కనుక్కోండి.

విశ్రాంత ఏఎన్ఎం జవాబు

మాస్టారూ, భయం లేదని నేను అనను. కానీ ఈ అమ్మాయి రాసింది ఇంకోసారి చదవండి. ఆ తల్లి భయపడలేదు. రెండుసార్లు ఆరు కిలోమీటర్లు బిడ్డను మోసుకుని నడిచింది. మీ వీధివాళ్లను మీరు ఒప్పించాలి, సరే. ఈమెను ఒప్పించాల్సిన పనే లేదు. తలుపు తీసి ఉంటే చాలు.

ముంబయిలో పాలమూరు మనిషి జవాబు

అక్కా, మీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మాది మహబూబ్‌నగర్ వైపు పల్లె, మా ఆయన కట్టడం పని మీద ముంబయి వచ్చాం. 2022 చివర్లో ఇక్కడ తట్టు వచ్చింది, గోవండీలో మొదలై చాలా వాడలకు పాకింది. పిల్లలు చనిపోయారు. అప్పుడు మా బాబుకు ఏడాదిన్నర.

మీ బట్టీల తల్లికి తెలుగు రానట్టే నాకు మరాఠీ రాదు. ఆరోగ్య సేవిక తలుపు కొడితే రేషన్ కార్డు తనిఖీ అనుకుని మొదటిసారి తలుపు తీయలేదు. మా బాబు టీకాల కార్డు ఊళ్లో అమ్మ దగ్గర ఉంది, బియ్యం డబ్బా వెనక. చెల్లెలితో ఫోటో తీయించి ఫోనులో తెప్పించుకున్నాను. ఆ సేవిక నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి పక్కింటి తెలుగావిడను వెంటబెట్టుకుని వచ్చింది, అప్పుడు తీశాను. తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు ఆ వాడల్లో అదనంగా ఒక డోసు వేశారు. జబ్బు మరీ చిన్న పిల్లల్లో ఎక్కువగా ఉన్నచోట ఆరు నెలల నుంచే వేయమని కేంద్రం అప్పుడు చెప్పింది. అది పైవాళ్లు తేల్చాల్సిన విషయం, మనంతట మనం అడిగి వేయించుకునేది కాదట.

నర్సమ్మ బట్టీకి వచ్చే రోజు మీరు పక్కనే ఉండండి అక్కా. మీకు వచ్చిన నాలుగు ఒడియా మాటలు అక్కడ చాలా పెద్దవి.

బట్టీల దారి దుకాణం పదకొండు రోజుల తర్వాత

అందరికీ చేతులెత్తి దండం. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

బాబును ఆ రోజే ఆటోలో పంపాం. ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందన్నారు. ఐదు రోజులు ఉంచుకుని పంపారు. విటమిన్ ఏ రెండు రోజులు వేశారు. కళ్లు బాగానే ఉన్నాయి. బాగా చిక్కిపోయాడు, కానీ నిన్న మా దుకాణానికి నడిచి వచ్చి బిస్కెట్ పొట్లం చూపించాడు.

విశ్రాంత నర్సమ్మ చెప్పినట్టు కాగితం రాశాను. నాలుగు బట్టీలు, ఐదేళ్లలోపు పిల్లలు ఇరవై తొమ్మిది మంది. పుట్టిన నెల అడిగితే చాలామంది పండుగ పేరు చెప్పారు, నువాఖాయి ముందు అనో, రథయాత్ర తర్వాత అనో. దాన్ని బట్టి లెక్క వేసుకున్నాను. గడి ఖాళీగా ఉన్నవాళ్లు, కార్డు లేనివాళ్లు కలిపి పదిహేడు మంది తేలారు. కాగితం తీసుకుని నేనూ మా అత్తయ్యా వైద్యాధికారి దగ్గరకు వెళ్లాం. ఆయన కాగితం మొత్తం చదివారు. "ఏ రోజైతే బాగుంటుంది?" అని మమ్మల్నే అడిగారు. వారం ఖర్చులకు డబ్బులిచ్చే రోజు సాయంత్రమని చెప్పాను. ఆ పూట పని ఉండదు, అందరూ సరుకులకు మా దుకాణానికే వస్తారు.

మా అరుగు మీదే వేశారు. వచ్చింది ఆ నర్సమ్మే. పెట్టెలో ఐసు ముక్కల మధ్య నుంచి సీసా తీసి, పొడిలో మందు కలిపి, మీరు చెప్పినట్టే పెన్నుతో గంట రాశారు. మొదట కూర్చున్నది ఆ పదకొండు నెలల పాపే. కుడి భుజానికి వేశారు. పాప ఏడ్చింది. తల్లి నవ్వింది, నన్ను చూసి రెండు వేళ్లు చూపించి మడిచేసింది. "టీకా" అన్న మాట ఒడియాలోనూ అదే కాబట్టి నేను పెద్దగా చెప్పాల్సింది లేకపోయింది. జ్వరం రావచ్చన్నదొక్కటే చేతులతో పదిసార్లు చెప్పాను. పదిహేను మందికి పడింది. ఇద్దరిని తండ్రులు తీసుకురాలేదు. వాళ్ల కోసం మళ్లీ వెళ్లాలి. మాస్టారు చెప్పినట్టు ఆ వరుసలో ఒక ముసలమ్మ ఉంది, ఆమెతో మాట్లాడుతున్నాను.

పంపించేటప్పుడు నర్సమ్మ నాతో "మిమ్మల్ని తిప్పినందుకు బాధగా ఉందమ్మా" అన్నారు. మన విశ్రాంత నర్సమ్మ రాసింది ఆమెకు ఫోనులో చూపించాను. చదివి కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత నా దగ్గర ఉండాలని తన నంబరు ఇచ్చారు.

ఆ పాపలాంటి చిన్నవాళ్లు రెండో డోసు వేళకు ఒడిశాలో ఉంటారు. ప్రతి కార్డు మీద నెల రాయించాను. ఏడు నెలల పాప ఇంకొకతి ఉంది, ఆమెకు ఇంకా వేయలేదు. తొమ్మిది నెలలు మే 19న నిండుతాయి. వాళ్లు జూన్ మొదటి వారంలో బయలుదేరతారు. దుకాణంలో క్యాలెండరు మీద మే 20 చుట్టూ గీత గీసి పెట్టాను. అది బుధవారం.